అత్త పచ్చబొట్టు మింగీసిన ఫోను

ఫోను ఎనక్కి ఇచ్చేసినావంట గదా వరాలూ అని పొద్దున్నించి ముగ్గురడిగినారు నన్ను. కుళాయి కాడ ఒకర్తి, కొట్టు కాడ ఒకర్తి, పూరీ గేట్ కాడ టోటో ఆటో ఎక్కతంటే ఇంకొకర్తి. ఎవులు సెప్పినారో నాకు తెలుసు, మాయనే సెప్పుంటాడు. ఇలగ రండి, టీ పోసినాను, కూసోండి. ఇదిగో ఫోను. నా సేతిలోనే ఉన్నాది, సూసినారా? ఇవ్వనేదు. ఇవ్వను. అయితే ఈ మజ్జిన శానా అయినాది, అందులో తప్పెవులిదో ఆకర్న సెప్తాను. ముందే సెప్పీస్తే మీరు టీ తాగరు, నవ్వుకుంటా కూసుంటారు.

మొదట మా ఇంట్లో ఫోన్ల రూలు సెప్పాల. కొత్త ఫోను ఎప్పుడొచ్చినా మావోడు కిరణ్‌కి. ఆడు విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఫేక్టరీకెల్తాడు, కుర్రోడు, ఆడికుండాల. ఆడికి ఇసుగొచ్చినాక అది మాయనకి. మాయన రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, మిషన్ల మజ్జిన రెండు మార్లు కింద పడీసుకున్నాక, ఇది ఇంకా బాగానే ఉన్నాదే అని నాకిస్తాడు. నా సేతికొచ్చీసరికి దాని పేనం గొంతులో ఉంటాది. ఆకరిదానికైతే ఎడం పక్క సగం అద్దం పని సెయ్యదు. మెసేజీ కొడితే ఆ పక్కనున్న అచ్చరాలు రావు. పచ్చడి కావాలని ఎవులైనా ఫోను సేస్తే, ఎత్తడానికి దాన్ని అడ్డంగా తిప్పి, మల్లీ నిలువుగా తిప్పి, ఈలోగా ఆలు పెట్టీసీవోలు. ఇరవై నాలుగేల్లయినాది ఈ బెంగాలీ ఊర్లో ఈ ఇంటికి కోడలిగా వచ్చి. అట్టపెట్టిలోంచి నా సేత్తో నాను తీసుకున్న ఫోను ఒక్కటంటే ఒక్కటి నేదు.

అందుకని ఈసారి ఎవుల్నీ అడగనేదు. మా కొట్టు మీద కందిపప్పూ సింతపండూ అమ్మినదంతా ఇంట్లోకి, పచ్చల్లు మాత్రం నా సొంతం, అది మీకు తెలిసిందే. ఆ పచ్చడి డబ్బుల్తో నానే ఆర్డరు పెట్టినాను. ఇంక అది వచ్చీదాకా మాటలే మాటలు. ఆన్‌లైన్లో ఫోనని సెప్పి ఇటికరాయి పంపుతారన్నాడు మాయన. అమ్మా, నీకంత కెమెరా ఏల, నువ్వు తీసీది గోంగూర ఫొటోలే కదా అన్నాడు మావోడు. మాయత్త అప్పలనరసమ్మకి డెబ్బై దాటినాది, ఆవిడకి ఫోనంటేనే గిట్టదు. నాకు ఒల్లు మండిపోనాది. ఈ ఫోను నాను ఎనక్కి ఇచ్చేస్తే నా పేరు వరాలు కాదు, మీకు నచ్చిన పేరెట్టి పిలుసుకోండి అనీసినాను. నా నోరే నాకు శత్రువు.

ఫోనొచ్చినాది. ఇటికరాయి కాదు, ఫోనే. మాయన ఆ అట్టపెట్టిని ఎంత జాగర్తగా బీరువా మీద ఎట్టినాడనుకున్నారు, పెల్లిలో నా నగల డబ్బా కూడా అంత జాగర్తగా ఎట్టనేదు. ఏడ్రోజులు రిటర్నున్నాదే, పెట్టి నలగకూడదు అన్నాడు. అక్కణ్ణించి రోజూ కేరేజీ సేత పట్టుకుని గుమ్మం దాటతా, ఇంకా ఆర్రోజులున్నాది, ఇంకా ఐద్రోజులున్నాది. పొద్దున్న వర్క్‌షాపు సైరను తప్పినా ఆ మాట తప్పదు.

వచ్చిన రోజు సాయంత్రం ఇంట్లో ఎవులూ నేని టైము సూసి నా ఫొటో నాను తీసుకున్నాను. ఓలమ్మ, ఏటి కెమెరా. మొకం మీద గీత నేదు, కల్ల కింద నలుపు నేదు, పెల్లినాటి మొకం. ఎంటనే డీపీ ఎట్టీసినాను. గంటలో మా ఆడబిడ్డ విజీనారం నించి, వొదినా, ఏటి తింతన్నావు నాకూ సెప్పు అని మెసేజీ. ఇంజనీరింగ్ కాలేజీలో సదివీ మన తెలుగు పిల్లలు నా కాడ గోంగూరా మాగాయా పట్టుకెల్తారు కదా, ఆల్లలో ఒకమ్మాయి సూపర్ అక్కా అని పెట్టినాది. అంతకు ముందు రోజు దాకా ఆ పిల్లకి నాను ఆంటీని. ఫోను మాయన మొకం ముందెట్టి, కెమెరా అంటే ఇదీ, ఇన్నాల్లూ మీ పాత ఫోన్లు నన్ను ముసిల్దాన్ని సేసినాయి అన్నాను. ఆయన ఫోనునీ నన్నూ మార్చి మార్చి సూసి, కేరేజీ కడుక్కోడానికెల్లిపోయినాడు. ఆ ఫొటో తీసుకున్నప్పుడు నాను సేసిన పనొకటున్నాది. అది ఇప్పుడు సెప్పను.

నాలుగో రోజు అత్త పింఛను కాయితాల పని పడినాది. మా మావ రైల్వేలో సేసి పోయినాడు, ఆయన పింఛను అత్తకొస్తాది. పుస్తకం మారస్తన్నాం, కొత్త ఫొటోలు అట్టుకు రండని బేంకోలన్నారు. స్టూడియోకి తీసుకెల్తాను అన్నాడు మాయన. నానూరుకుంటానేటి? కొత్త ఫోనుండగా స్టూడియో ఏల అని, గోడ కాడ కుర్సీ ఏసి అత్తని కూసోబెట్టి, ఎనకాల తెల్ల దుప్పటి కట్టి, టక్కున తీసినాను. కల్లజోడు మీదకీ కిందకీ జరిపి సూసినాది అత్త. "ఇంత తెల్లగా ఉన్నానేటే?" అన్నాది. ఉన్నావత్తా, ఇన్నాల్లూ ఎవులూ సరిగ్గా తీయనేదు అన్నాను. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకున్నాది. ఝపటాపూర్లో ఫొటోల కొట్టుకి వాట్సాప్ సేసి పదారు కాపీలు కొట్టించినాను. బేంకుకి కావలిసింది రెండు. పదారేల అంటే, బాగొచ్చినాది కదాని.

మర్నాడు అత్తా నానూ టోటో ఎక్కి బేంకుకెల్లినాం. కౌంటర్లో దాదా బెంగాలీ ఆయన, మంచోడు, అత్తని పిన్నీ అన్నట్టు మాసీమా అని పిలుస్తాడు. ఫొటో సూసినాడు. అత్తని సూసినాడు. తరవాత నన్ను సూసి, దీదీ, నీ ఫొటో కాదు, మీ అత్తగారి ఫొటో కావాల అన్నాడు హిందీలో. నిజం సెప్పాలంటే ముందు నాకు సంతోసమే అయినాది. ఆవిడదే దాదా, నిన్ననే తీసినాను, కొత్త ఫోను అన్నాను. దాదా నవ్వనేదు. లోపలికెల్లి పాత ఫైలు అట్టుకొచ్చి, ఒక కాయితం మీద యేలెట్టి సదివినాడు. గుర్తింపు మచ్చలు అన్న కాడ రాసున్నాది, గడ్డం మీద మూడు పచ్చబొట్టు సుక్కలు, నుదురు మీద ఒక గీత. ఎప్పుడో మా మావ రాయించినది. అప్పుడు పెన్ను మూతతో ఫొటోలో గడ్డం మీద కొట్టి, "దీదీ, కహా హై?" అన్నాడు.

నాను సూసినాను. నేవు. ఆ గడ్డం కడిగిన పల్లెంలా ఉన్నాది. గీతా నేదు, సుక్కలూ నేవు, ముడతలూ నేవు. ఇరవై నాలుగేల్లు ఆ మొకం ఎదురుగానే కూసుని తిన్నాను, ఆ నోటి తిట్లూ తిన్నాను, ఫొటోలో సుక్కలు నేవని నాకు తెల్లేదు. రోజూ సూసీ మొకాన్ని ఎవులు సూస్తారు, మీరే సెప్పండి.

ఏటంతన్నాడే అని అత్త నా సెయ్యి గీకినాది. దాయలేక సెప్పీసినాను. ఫొటో తీసుకుని కిటికీ ఎలుగులో ఎత్తి పట్టుకున్నాది. ఇంకో సెయ్యి నెమ్మదిగా గడ్డం మీదకెల్లినాది, సుక్కలున్నాయో నేవో తడుముకుంటన్నట్టు. తిరిగొచ్చినప్పుడు టోటోలో ఆ ఫొటోనే గోటితో గీకతా కూసున్నాది. మాయత్త నోరెత్తకుండా పూరీ గేట్ దాటడం అదే మొదలు.

ఇంటికొచ్చినాక పంచాయితీ. మాయన మొకంలో ఎలుగు సూడాల, డ్యూటీ నించి వచ్చి బూట్లు కూడా ఇప్పనేదు. సెప్పినానా, కెమెరా ఖరాబు, ఇచ్చీ ఎనక్కి, ఇంకా రెండ్రోజులున్నాది అన్నాడు. ఇప్పుడు ఫోన్లన్నీ ఏఐ అమ్మా, దానికి నచ్చినట్టు అదే తీసుకుంటాది అన్నాడు మావోడు. నాను పట్టిన కుందేలికి మూడే కాల్లు. కెమెరా బంగారం, బేంకు దాదాకే కల్లు కనపడవన్నాను. మల్లీ తీస్తాను సూడండని అత్తని వరండాలో కూసోబెట్టి తీసినాను. నేవు. ఎండలో తీసినాను. నేవు. గడ్డం దగ్గర ఫోనెట్టి తీసినాను, నేవు. ఆరు ఫొటోలు తీస్తే ఆరింట్లోనూ అత్త ఇంకా ఇంకా నున్నగా వచ్చినాది. ఆరోదాంట్లో మా ఆడబిడ్డ కన్నా సిన్నదానిలా ఉన్నాది.

అప్పుడు అత్త నన్ను పక్కన కూసోమన్నాది. తిడతాదనుకున్నాను, తిట్టనేదు. తొమ్మిదేల్లప్పుడు ఆల ఊరికి పచ్చబొట్లు పొడిసీ ఆవిడొచ్చినాదంట. ఆలమ్మ ఈవిడ తల ఒల్లో ఎట్టుకుని, కదలకుండా పట్టుకుని పొడిపించినాదంట. ఏడుస్తంటే నోట్లో బెల్లం ముక్క ఎట్టినాదంట. మనిసి పోతే నగలు తీసీసుకుంటారు, సీర తీసీసుకుంటారు, పచ్చబొట్టొకటే కూడా వస్తాదని ఆలమ్మ మాట.

"పచ్చబొట్టు నేకపోతే పైన మాయమ్మ నన్నెలగ గుర్తు పడతాదే, వరాలూ?" అన్నాది.

అది ఫొటోలోనే కదా అత్తా, నీ మొకం మీద ఎక్కడివి అక్కడే ఉన్నాయి అన్నాను. "రేపు నాను పోతే గోడకి కట్టీది ఆ పోటోనే కదే" అన్నాది. నాకు ఏడుపొచ్చినాది, కోపమొచ్చినాది, రెండూ ఒకేసారి. నా మొదటి ఫోను, నా సొంతం, అట్టపెట్టిలోంచి నా సేత్తో నాను తీసుకున్నది. అయినా అత్త మొకం సూసి రిటర్ను నొక్కీసినాను. కారణమేటని అడిగితే కెమెరా పాడైపోనాదని కొట్టినాను. ఇచ్చీస్తాను గానీ మీ పాత ఫోనులు నాకొద్దు, ఇంక ఫోనే ముట్టను, పచ్చడి కావలిసినోలు ఇంటికొచ్చి తలుపు కొడతారు అని మాయనకి సెప్పీసినాను. మావోడు నెమ్మదిగా, ఇంతకీ అమ్మా, కొత్త పేరేటి ఎట్టమంటావు అన్నాడు. సేతిలో అట్లకాడ ఉన్నాది, ఆడు బయటికి పరిగెట్టినాడు.

ఏడో రోజు ఆదివారం, అందరం ఇంట్లోనే ఉన్నాం. ఫోను పట్టుకెల్లడానికి వచ్చినాయన పేరు బాపీ, ఇక్కడి లెక్కన బాపీదా, నలబై దాటినాయన, నెమ్మదస్తుడు. మాయన అప్పటికే బీరువా మీంచి అట్టపెట్టి దింపి, తుడిసి, రెండు సేతుల్తో పట్టుకుని నిలబడినాడు. బాపీదా కూసుని, ఫోన్లో ఉన్నదంతా తుడిసీసీ ముందు ఖరాబేటో నాను సూడాల దీదీ, అది రూలు అన్నాడు. సూడు దాదా సూడు అని నా హిందీలో మొత్తం సెప్పినాను. ముసలావిడ మొకం మీద దేవుడు పెట్టినట్టున్న బొట్లు తినీసినాది, బేంకులో పరువు తీసినాది, ఇలాంటి సరుకు ఎలగ అమ్ముతారు మీరు అని ఆయన్నే నిలదీసినాను, ఆయనేదో ఫేక్టరీలో కూసుని తయారు సేసినట్టు.

బాపీదా అంతా ఇన్నాడు. కెమెరా అత్త వైపు తిప్పినాడు. అద్దం మీద యేలు ఇటూ అటూ జరిపి, ఆగినాడు. నన్ను సూసినాడు. "దీదీ, యే కిస్నే కియా?" అన్నాడు.

ఎవులు సేసినారా, ఏటిది అంటే సూపించినాడు. మూల్న ఒక సిన్న మొకం బొమ్మ. దాన్ని నొక్కితే ఒక గీత, గీత మీద ఒక గుండు. ఆ గుండు కుడి పక్క ఆకరి కొస్సన ఉన్నాది, పక్కన వంద అని అంకె. ఇది మొకానికి అందం తెచ్చీది దీదీ, మచ్చ కనపడితే తుడిసేస్తాది అని సెప్పి, గుండుని మెల్లిగా ఎడం పక్కకి లాగినాడు. అందరం వొంగి సూస్తన్నాం. ఎనబై కాడ అత్త ముడతలొచ్చినాయి. యాబై కాడ నుదురు మీద గీతొచ్చినాది. ఇంకా లాగితే గడ్డం మీద ఒక సుక్క, రెండో సుక్క, సున్నా కాడికొచ్చీసరికి మూడూ పచ్చగా వచ్చి కూసున్నాయి, టక్కున ఫొటో తీసీసినాడు.

అత్త ఫోను లాక్కున్నాది. "ఇదిగో, ఇదీ నాను" అన్నాది. ఫోనంటే గిట్టని మనిసి దాన్ని కల్లకద్దుకుని నవ్వినాది. ఆ నవ్వు సూసి నా పేనం లేసొచ్చినాది.

అంతా బాగున్నాది గానీ, ఆ గుండు వందకి ఎవులు లాగినారు? అందరూ మావోణ్ణి సూసినారు. ఆడు నా మీద ఒట్టేసి నాను కాదన్నాడు. బాపీదా అన్నాడు, ఇది దానంతటది వందకి పోదు, ఎవులో ఒకరు లాగాల అని.

ఇదిగో, ఇందాక దాసిన ముక్క ఇదే. మొదటి రోజు సాయంత్రం ఎవులూ నేనప్పుడు, నా ఫొటో నాను తీసుకుంటంటే ఆ మొకం బొమ్మ కనపడినాది. ఏటో సూద్దామని నొక్కినాను. కాసింత లాగితే మొకం కాసింత మెరిసినాది. ఇంకాస్త లాగినాను. ఆకరి దాకా లాగినాను. అక్కడ నేదు గానీ, ఉంటే రెండొందల దాకా లాగుదును. డీపీ ఎట్టుకున్న సంబరంలో ఆ సంగతే మర్సిపోయినాను. అందరి ముందరా ఒప్పుకోక తప్పనేదు. బాపీదా మంచికే అనుకుని, దీదీ ఒకసారి సూడండి, ఇప్పుడు కెమెరా సరిగ్గా ఉన్నాది అని సున్నా మీదనే నా మొకానికి పట్టినాడు. అత్త సుక్కలు పోనాయని సెప్పడానికి బేంకు దాదా ఉన్నాడు. నా ముక్కు పక్కన మిరియం గింజంత మచ్చ ఉన్నాది కదా, అది డీపీలో పోనాదని నాకెవులు సెప్పాల? వారం రోజులు దాన్ని సూసుకుని మురిసినాను, నా మచ్చ నేదని నాకే తెల్లేదు.

అయితే దీదీ, రిటర్ను ఉంచమంటారా, తీసీమంటారా అన్నాడు బాపీదా. మాయన పెట్టి మూత అప్పుడే తెరిసినాడు. ఇదే ఆకరి రోజు, ఆలోసించుకోవే అన్నాడు. నాను నోరిప్పీలోగా అత్త అందుకున్నాది.

"తప్పు ఫోనుది కాదురా, దీనిది. ఎనక్కి పంపాలంటే దీన్ని పంపాల ఆల పుట్టింటికి. ఏటి సేస్తాం, ఇరవై నాలుగేల్లయిపోనాది, ఇప్పుడాలు తీసుకోరు" అన్నాది.

ఆ మాట బాపీదాకి అరదం కానేదు, మావోడు హిందీలో సెప్పినాడు, ఆయన టీ గొంతుకడ్డం పడి దగ్గినాడు. రిటర్ను కేన్సిలు. మాయన కాళీ పెట్టి మూత మూసి, మల్లీ బీరువా మీద ఎట్టీసినాడు. ఇంకేల అది అంటే, నీ పేరు మార్చనక్కర్నేదు కదా, గుర్తుగా ఉండనీ అన్నాడు.

సున్నా మీద తీసిన అత్త ఫొటో సోమవారం బేంకుకి పట్టుకెల్లినాం. దాదా పెన్ను మూతతో ఒకటి, రెండు, మూడు అని సుక్కలు లెక్కెట్టి, ఠీక్ హై మాసీమా అన్నాడు. అత్త కాలరెత్తుకున్నట్టు గడ్డమెత్తుకుని బయటికొచ్చినాది. ఇంటికొచ్చి ఆ పాత పదారు ఫొటోలూ పారీబోతంటే, ఉంచే అన్నాది. ఏల అత్తా, అది నువ్వు కావన్నావు కదా అన్నాను. గోడకి సుక్కలున్నదే కట్టండి, బొబ్బిల్లో మా సెల్లికి మాత్రం ఇది పంపీ, అది నా కన్నా నాలుగేల్లు సిన్నది, ఎప్పుడూ మిడిసిపడతాది అన్నాది. మిగతా పదిహేనూ ట్రంకుపెట్టిలో సీరల కింద దాసుకున్నాది. సూసినారా, ఇంట్లో నానొక్కదాన్నే కాదు.

ఇంక ఆ గుండు సున్నా మీదే ఉంచీ అన్నాడు మాయన. ఉంచను. పచ్చడి నాది, ఫోను నాది, లాగిన యేలు నాది. అత్తని తీసినప్పుడు సున్నా, నన్ను తీసినప్పుడు వంద. డీపీ కూడా మార్చను, అడిగినోలకి అదే సెప్పండి.

ఇందాక మీరొచ్చీ ముందే ఒకమ్మాయొచ్చినాది కొట్టుకి. తెలంగానా పిల్ల, ఇంజనీరింగ్ కాలేజీలో కొత్తగా సేరినాదంట. గోంగూర రెడీగా ఉన్నాది, వచ్చి పట్టుకెల్లమ్మా అని పొద్దున్న నానే మెసేజీ పెట్టినాను. సేతిలో ఫోను సూసుకున్నాది, నన్ను సూసినాది, మల్లీ ఫోను సూసుకున్నాది. తరవాత నా ఎనకాల ఇంట్లోకి తొంగి సూసి, "ఆంటీ, పొద్దుగాల మెసేజ్ జేసిన అక్క లేదా?" అని అడిగినాది.

"అక్క లోపల వంట సేస్తన్నాదమ్మా. నాను ఆ అక్కకి అత్తని" అన్నాను.